అలల మీద జారే అరచేతి చెక్క: చేసి అమ్మితే గిట్టుతుందా?

నమస్కారం అండీ. ముందుగా ఈ చెక్క చూడండి, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. పొడవు 35 సెంటీమీటర్లు, వెడల్పు 19, మందం రెండు సెంటీమీటర్లకి కాస్త తక్కువ. మా ఇంటికి వచ్చిన మనవాళ్ళు దీన్ని చూసి "చపాతీ పీటా?" అని అడుగుతుంటారు. కాదండీ, ఇది సముద్రంలోకి తీసుకెళ్ళేది. ఇదిగో ఈ పట్టీలోకి చెయ్యి దూర్చి, కెరటం లేచే చోట నిలబడి, అది మీదికొచ్చే క్షణంలో రెండు కాళ్ళూ గట్టిగా కొట్టి, ఈ చెయ్యి ముందుకు చాచి బరువంతా దీని మీద వేస్తారు. కెరటం ఒడ్డుదాకా మోసుకొస్తుంది. బోర్డు లేకుండా ఒంటితోనే అల మీద జారే ఈ ఆటని బాడీసర్ఫింగ్ అంటారు. చేతికి తగిలించుకునే ఈ చెక్క పేరు హ్యాండ్‌ప్లేన్.

ఆ పేరు వినగానే నాకు ముందు తట్టింది మా తాతగారు. ఆయన భీమిలి దగ్గర వడ్రంగం చేసేవారు. హ్యాండ్‌ప్లేన్ అంటే నాకు తెలిసింది ఆయన చేతిలోని చిత్రిక, చెక్కని నున్నగా గీసే పనిముట్టు. నెట్‌లో ఆ మాట కొట్టినా సగం చిత్రికలే వస్తాయి. ఇప్పుడు నేను ఆ హ్యాండ్‌ప్లేన్‌తోనే ఈ హ్యాండ్‌ప్లేన్ చేస్తున్నాను. ఇది తాతగారి చిత్రికే. లోపలి ఉలి అరిగిపోతే కొత్తది వేశాను. పిడి మాత్రం ఆయన చేతికి అరిగిందే.

నేను ఉండేది కాలిఫోర్నియాలో, శాన్‌డియాగోకి ఉత్తరాన ఓషన్‌సైడ్ అనే ఊళ్ళో. ఈ ఊళ్ళో ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన వంతెన ఉంది, పియర్ అంటారు. దాని పక్కన 1977 నుంచి ప్రపంచ బాడీసర్ఫింగ్ పోటీలు జరుగుతున్నాయి. ఇక్కణ్ణుంచి గంట ప్రయాణంలో న్యూపోర్ట్ బీచ్ ఉంది, అక్కడ 'వెడ్జ్' అని ఒక చోటు. దాని సంగతి కాస్త చెప్పాలి. ఓడరేవు నోటి పక్కన సముద్రంలోకి రాళ్ళ గట్టు ఒకటి ఉంది. దక్షిణం నుంచి వచ్చే కెరటం ఆ గట్టుకి కొట్టుకుని వెనక్కి తిరుగుతుంది. తిరిగేటప్పటికి వెనకాల ఇంకో కెరటం వస్తుంటుంది. రెండూ కలిసి ఒక్కసారిగా మేడంత ఎత్తు లేచి, మోకాలి లోతు నీళ్ళలో విరిగి పడతాయి. అక్కడ 1993 నుంచి ఒక నియమం ఉంది: మే 1 నుంచి అక్టోబర్ 31 వరకు, ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా బోర్డులు నీళ్ళలోకి దించకూడదు. ఆ వేళల్లో కెరటం ఒంటితో జారేవాళ్ళది. ఒక ఊరు తన సముద్రాన్ని ఇలా పంచిపెట్టిందంటే ఈ ఆటని ఎంత గౌరవించినట్టో చూడండి. నా చెక్కలు కొనేవాళ్ళు ఎక్కువగా ఈ తీరం మనుషులే.

ఆట చాలా పాతది. హవాయి భాషలో దీనికి 'కహా నలు' అని సొంత పేరే ఉంది. ఆస్ట్రేలియాలో 1890ల్లో, పసిఫిక్‌లోని టన్నా దీవి నుంచి సిడ్నీ మ్యాన్లీకి పనికి వచ్చిన ఒక కుర్రాడు అక్కడి పిల్లలకి ఇది నేర్పాడని చెప్పుకుంటారు, టామీ టన్నా అని పిలిచేవారట. చేతికి చెక్క తర్వాత వచ్చింది. దానికి ముందు క్యాంటీన్ ట్రేలు, రబ్బరు చెప్పులు, ఏది దొరికితే అది పట్టుకుని దిగేవారు. అంటే అవసరం ముందే ఉంది, దానికో వస్తువు కావాలి. అంతే.

చెక్క ఏం చేస్తుందో చెప్తాను. వేళ్ళు కలిపి చాచిన అరచెయ్యి వైశాల్యం సుమారు 150 చదరపు సెంటీమీటర్లు. ఈ చెక్క మూలలు తీసేశాక కూడా 550 దాకా ఉంటుంది. వేగంగా పోయే నీటి మీద అంత పలక ఆనితే అది పైకి లేస్తుంది, దాంతో పాటు భుజం, ఛాతీ కూడా నీళ్ళలోంచి పైకి వస్తాయి. ఛాతీ నీళ్ళలో ఈడ్చుకుపోవడం ఆగితే వేగం పెరుగుతుంది, తల పైకి వస్తుంది, ముందేముందో కనిపిస్తుంది. మొదటిసారి నాకు ఆ కెరటం లోపలి గోడ ఆకుపచ్చగా, గాజులాగా కనిపించినప్పుడు అరిచేశాను. ఇంటికొచ్చి గరాజ్‌లో ఉన్న చెక్కలన్నీ వెతికాను.

ఇక్కడ మనవాళ్ళు అందరూ అడిగే మాట: "టేకుతో చెయ్యొచ్చు కదా?" చెయ్యొచ్చు. కానీ లెక్క చూడండి. ఈ సైజు పలక చెక్కేశాక సుమారు వెయ్యి ఘనపు సెంటీమీటర్లు ఉంటుంది. టేకైతే 650 గ్రాముల దగ్గర తూగుతుంది. రెడ్ సెడార్ అనే ఎర్ర చెక్క అయితే 370. పౌలోనియా అనే చెక్క అయితే 300 లోపే. జపాన్‌లో దీన్నే 'కిరి' అంటారు, బట్టల పెట్టెలకీ కోటో అనే వాద్యానికీ వాడతారు. నీరు తొందరగా పీల్చదు, పురుగు పట్టడం తక్కువ. మొదటిసారి పౌలోనియా పలక చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు కొండపల్లి బొమ్మ గుర్తొచ్చింది. తెల్లపొణికి చెక్క కూడా అంతే, చూడ్డానికి కట్టె, చేతిలోకి తీసుకుంటే బెండులా ఉంటుంది. గంటసేపు నీళ్ళలో చెయ్యి ఎత్తి దించేవాడికి 350 గ్రాముల తేడా అంటే చాలా తేడా.

సెడార్ కూడా వాడతాను, ఎర్రటి చారలు బాగుంటాయి, సర్ఫ్‌బోర్డులు చేసేవాళ్ళ దగ్గర ముక్కలు మిగులుతాయి. కానీ ఒక్క జాగ్రత్త. ఎర్ర సెడార్ పొట్టులో ప్లికాటిక్ ఆమ్లం ఉంటుంది, పీలిస్తే కొందరికి ఆస్తమా వస్తుంది. గుడ్డ కట్టుకుంటే సరిపోదు, మంచి మాస్కు పెట్టుకోవాలి.

సరే, పనిలోకి వద్దాం. చెక్క ముక్కు కాస్త పైకి వంగి ఉండాలి, రెండు మూడు సెంటీమీటర్లు. చదునుగా ఉంటే ముక్కు నీళ్ళలో దిగబడి, చెయ్యి మెలితిరిగి, మనిషి తలకిందులవుతాడు. మందపాటి దిమ్మలోంచి ఆ వంపు చెక్కుకోవచ్చు, కానీ సగం చెక్క పొట్టుకిందే పోతుంది. అందుకని నేను ఆరేసి మిల్లీమీటర్ల మూడు పలచటి పలకలు తీసుకుని, మధ్య జిగురు రాసి, వంపు తిరిగిన అచ్చు మీద పెట్టి, చుట్టూ ఎనిమిది క్లాంపులు బిగించి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున క్లాంపులు విప్పితే వంపు అలాగే నిలబడిపోతుంది.

ఈ జిగురు దగ్గర నేను ఒక పొరపాటు చేశాను, మీరు చెయ్యకండి. మొదట్లో ఇంట్లో కుర్చీలకి వాడే మామూలు తెల్ల జిగురు వాడాను. నాలుగు చెక్కలు అమ్మాను కూడా. నెల తిరక్కుండా ఒకాయన తెచ్చి చూపించాడు, పొరలు పుస్తకంలో పేజీల్లా విడిపోయాయి. నలుగురికీ డబ్బు తిరిగిచ్చాను, కొత్తవి కూడా చేసిచ్చాను. వానకి తట్టుకునే జిగురు వేరు, నీళ్ళలో నానినా ఊడనిది వేరు. డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని ఉన్నా చిన్న అక్షరాలు చదవండి. ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండే పనికి వాడొద్దని వాటిల్లోనే రాసి ఉంటుంది. ఇప్పుడు నేను ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు, తప్ప ఇంకోటి వాడను.

తర్వాత ఆకారం కోసుకోవడం, అడుగు భాగం చిత్రిక పట్టడం. ఇదే నాకు ప్రాణం. అడుగున మధ్యలో మూడు మిల్లీమీటర్ల లోతు పల్లం తియ్యాలి, నీరు పక్కలకి చెదరకుండా ఆ పల్లంలోంచి వెనక్కి పోవాలి. అంచులు ముందువైపు గుండ్రంగా, వెనక్కి వచ్చేకొద్దీ పదునుగా ఉండాలి. వెనక అంచు గుండ్రంగా ఉంటే నీరు అంటుకుని చెక్కని వెనక్కి లాగుతుంది. ఇక్కడ కొలబద్ద పనికిరాదు, బొటనవేలు పెట్టి రాసి చూసుకోవాలి. చెక్క చారలు ఎటు పోతున్నాయో చూసి అటే తొయ్యాలి, ఎదురు తోస్తే పెచ్చులు లేస్తాయి. మా తాతగారు ముందు చెక్కని వెలుతురుకి పెట్టి, ఒక కన్ను మూసి చూసేవారు. ఎందుకో చిన్నప్పుడు అర్థం కాలేదు. ఏటవాలు వెలుతురులో ఎత్తుపల్లాలు నీడలతో సహా కనిపిస్తాయి, అదీ సంగతి. నేనూ ఇప్పుడు పొద్దుటి ఎండలో గరాజ్ తలుపు దగ్గరే ఈ పని చేస్తాను.

ఉప్పు కాగితం పట్టాక నూనె. టంగ్ నూనె గానీ అవిసె నూనె గానీ మూడు పూతలు, పైన తేనెమైనం. ఈ మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను: అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. బయట పరిచి ఆరెయ్యండి, లేదా నీళ్ళు పోసిన డబ్బాలో వేసి మూత పెట్టండి.

పట్టీకి పాత వెట్‌సూట్ రబ్బరు వాడతాను, అంటే చల్లటి నీళ్ళలో దిగేవాళ్ళు ఒంటికి వేసుకునే సూట్‌ది. స్క్రూలు 316 స్టెయిన్‌లెస్ స్టీలువి, ఉప్పు నీటికి బాగా తట్టుకునే రకం. పట్టీ మరీ బిగుతుగా ఉండకూడదు. కెరటం గిరవాటేసినప్పుడు చెయ్యి బయటికి జారిపోవాలి.

ఇక డబ్బు సంగతి. ఈ వీడియో అసలు దీని కోసమే.

మొదట నేను ఒక్కో చెక్క 75 డాలర్లకి అమ్మాను. వెంటవెంటనే అమ్ముడుపోతుంటే సంబరపడ్డాను. ఒక రాత్రి కూర్చుని లెక్క రాశాను. చెక్క 14 డాలర్లు. పట్టీ, స్క్రూలు 9. జిగురు, నూనె, ఉప్పు కాగితం 6. పెట్టె 4. పంపే ఖర్చు 15. అక్కడికి 48. చేతిపని వస్తువులు అమ్మే ఎట్సీ అనే వెబ్‌సైట్‌లో అమ్ముతాను కాబట్టి ధర మీద 6.5 శాతం వాళ్ళకి, కొన్నవాళ్ళ దగ్గర డబ్బు వసూలు చేసిపెట్టినందుకు 3 శాతంతో పాటు 25 సెంట్లు, జాబితాలో పెట్టినందుకు 20 సెంట్లు. అవి ఏడున్నర పైచిలుకు. చేతికి మిగిలేది 19 డాలర్ల 42 సెంట్లు.

మరి నాకు పట్టిన సమయం? గడియారం పెట్టుకుని చూశాను. పలకలు కోసి సాపు చెయ్యడం 45 నిమిషాలు, జిగురు, క్లాంపులు 30, ఆకారం కోత 20, చిత్రిక పని 75, ఉప్పు కాగితం 45, నూనె 30, పట్టీ 25. నాలుగున్నర గంటలు. అంటే గంటకి 4 డాలర్ల 30 సెంట్లు. 2025లో కాలిఫోర్నియా కనీస వేతనం గంటకి 16 డాలర్ల 50 సెంట్లు. నా గరాజ్‌లో నేనే నాకు కనీస కూలి ఎగ్గొట్టుకుంటున్నాను! పైగా అంత తక్కువకి అమ్మితే, దీని మీదే బతికే పక్క ఊరి పనివాడి ధరని కూడా నేను కిందికి లాగుతున్నట్టే. నాకు జీతం వచ్చే ఉద్యోగం ఉంది, ఆయనకి లేదు. ఆ ఆలోచన వచ్చాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండు మార్పులు చేశాను. ఒకటి, ఆరు చెక్కలు ఒకే విడతలో చెయ్యడం. ఒకసారి రంపం సరిచేసుకుంటే ఆరింటికీ కోత అయిపోతుంది, ఒకసారి నూనె గుడ్డ ముంచితే ఆరింటికీ పూత అయిపోతుంది. ఆరింటికి 18 గంటలు, అంటే ఒక్కోదానికి మూడు. చిత్రిక పని మాత్రం ఒక్క నిమిషం తగ్గలేదు, తగ్గించను కూడా. రెండోది, ధర 140 చేశాను. ఎట్సీ ఖర్చులు 13 డాలర్ల 75 సెంట్లకి పెరిగాయి, 78 పైన మిగులుతోంది. గంటకి 26 డాలర్లు. అందులోంచి సొంత వ్యాపారం పన్ను 15.3 శాతం, ఆదాయపు పన్ను వేరే. కొనేవాళ్ళు తగ్గారు, నిజమే. వచ్చినవాళ్ళు మాత్రం బేరం ఆడకుండా, ఈ చెక్క ఎక్కడిది, ఈ వంపు ఎలా వచ్చింది అని అడిగి తీసుకెళ్తున్నారు. ఏటికొప్పాకలో లక్కబొమ్మ కొన్నప్పుడు యాభై తగ్గించమని నేనే ఎన్నిసార్లు అడిగానో. ఇంక అడగను.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. మీరు హెచ్‌-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉంటే ఇలాంటి పక్క వ్యాపారంలో పని చెయ్యడానికి మీకు అనుమతి లేదు, వీసా పెట్టిన కంపెనీకి మాత్రమే పని చెయ్యాలి. నేను గ్రీన్‌కార్డు చేతికొచ్చాకే మొదటి చెక్క అమ్మాను. అంతకుముందు చేసినవన్నీ స్నేహితులకి ఊరికే ఇచ్చాను. కాలిఫోర్నియాలో అమ్మకాలకి సెల్లర్స్ పర్మిట్ అనే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, దానికి ఫీజు లేదు. ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోండి, ఇది సముద్రంలో వాడే వస్తువు. వైజాగ్‌లో చేసి ఇక్కడికి పంపుదామనుకునేవాళ్ళకి: 800 డాలర్ల లోపు పార్సెళ్ళకి ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. లెక్కలో అది కూడా కలుపుకోండి.

వైజాగ్ అన్నాను కాబట్టి ఇంకొక్కటి. ఈ వీడియో చూసి ఆర్‌కే బీచ్‌లో చెక్క పట్టుకుని దిగకండి, దండం పెడతాను. అక్కడ లోపలికి లాగేసే ప్రవాహాలు ఎందరిని తీసుకుపోయాయో ఆ ఊరివాళ్ళకి తెలుసు. ఈ ఆటకి ముందు ఈత బాగా రావాలి, కాళ్ళకి రబ్బరు ఫిన్స్, అంటే చేప రెక్కల్లాంటి తొడుగులు, ఉండాలి, ఒడ్డున లైఫ్‌గార్డు ఉండాలి. లాగేసే నీటిలో పడితే ఒడ్డుకి ఎదురీదకుండా ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలని తెలిసుండాలి. వెడ్జ్‌లాంటి చోట మోకాలి లోతులో తల నేలకి కొట్టుకుని మెడ విరిగినవాళ్ళు ఉన్నారు. నేను ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉండి కూడా అక్కడ పెద్ద కెరటాల రోజున దిగలేదు, గట్టు మీద కూర్చుని చూశాను.

ఇదిగో, ఈ బల్ల మీద ఉన్నవి ఈ విడత ఆరు. ఐదింటికి మూడో పూత అయింది. ఈ ఆరోదానికి చూడండి, వెనక అంచు దగ్గర చారలు అడ్డం తిరిగి చిన్న పెచ్చు లేచింది. మైనం రాస్తే కనపడదు. కానీ నీళ్ళకి తెలుస్తుంది. ఇది అమ్మను, నా దగ్గరే ఉంచుకుంటాను. రేపు పొద్దున ఆరింటికి పియర్ దగ్గర కెరటాలు నడుం ఎత్తు ఉంటాయంటున్నారు. దీన్ని తీసుకునే వెళ్తాను.