యూఎస్‌బీ డ్రైవర్‌లో రైట్ ఫెయిలైతే ఆ ఎర్రర్ ఎవరికి చేరాలి? స్కెలిటన్ కోడ్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఇవాళ మనం చూసేది లైనక్స్ కెర్నెల్ సోర్సులోనే ఉన్న ఒక ఫైల్, యూఎస్‌బీ స్కెలిటన్ డాట్ సి. కొత్తగా యూఎస్‌బీ డ్రైవర్ రాసేవాళ్ల కోసం పెట్టిన నమూనా ఇది. మొత్తం ఫైల్ జోలికి వెళ్లను. రైట్‌లో, అంటే డివైస్‌కి డేటా పంపడంలో, వచ్చే ఎర్రర్లు ఏమవుతున్నాయో మాత్రం చూద్దాం.

స్కెల్ రైట్ ఫంక్షన్ చూడండి. డేటాను యూఆర్‌బీలో, అంటే యూఎస్‌బీ రిక్వెస్ట్ బ్లాక్‌లో, పెట్టి సబ్మిట్ చేస్తుంది, "ఇన్ని బైట్లు రాశాను" అని ప్రోగ్రాముకి చెప్పి వెంటనే తిరిగొచ్చేస్తుంది. అప్పటికి డేటా డివైస్‌కి చేరి ఉండకపోవచ్చు. గ్యాస్ బుక్ అయిందని మెసేజ్ వస్తే సిలిండర్ ఇంటికి వచ్చినట్టు కాదు కదా! చేరిందో లేదో తెలిసేది కంప్లీషన్ కాల్‌బ్యాక్‌లో, అంటే ఆ పని ముగిశాక కెర్నెల్ పిలిచే ఫంక్షన్‌లో. అది నడిచేసరికి రైట్ ఎప్పుడో ముగిసిపోయింది.

ఇక్కడ వాడిన పద్ధతి నాకు చాలా నచ్చింది. ఫెయిలైన స్టేటస్‌ని కాల్‌బ్యాక్ ఒక ఫీల్డ్‌లో, స్పిన్‌లాక్ (ఒకేసారి ఇద్దరు ముట్టుకోకుండా వేసే తాళం) పట్టుకుని, దాచిపెడుతుంది. తర్వాతి రైట్ రాగానే ముందు ఆ ఫీల్డ్ చూసి, ఎర్రర్ ఉంటే దాన్నే తిరిగిస్తుంది. ఆ తర్వాత రైట్ రాకుండా ఫైల్ క్లోజ్ చేసేస్తే? దానికి క్లోజ్ చేసేటప్పుడు నడిచే ఫ్లష్ ఫంక్షన్ ఉంది. మిగిలిన యూఆర్‌బీల కోసం 1 సెకను ఆగి, అప్పటికీ అవ్వకపోతే వాటిని కిల్ చేసి, దాచిన ఎర్రర్‌ని క్లోజ్‌కి అందిస్తుంది. అందుకే మీ ప్రోగ్రాములో క్లోజ్ ఇచ్చే విలువను కూడా దయచేసి చెక్ చేయండి.

ఇప్పుడు అసలు ప్రమాదం ఉన్న చోటు. ఒకేసారి 8 రైట్లకు మించి నడవకుండా ఇందులో ఒక సెమాఫోర్ ఉంది. సబ్మిట్ సక్సెస్ అయితే బఫర్ ఫ్రీ చేసి సెమాఫోర్‌ని వదిలే పని కాల్‌బ్యాక్‌ది. సబ్మిట్ ఫెయిలైతే కాల్‌బ్యాక్ అసలు రాదు, కాబట్టి ఆ పనంతా రైటే చేసుకోవాలి. ఇద్దరూ చేస్తే డబుల్ ఫ్రీ (ఒకే మెమరీని రెండుసార్లు వదలడం), ఎవరూ చేయకపోతే లీక్ (ఎప్పటికీ వదలకపోవడం). నేను రాసిన ఒక డ్రైవర్‌లో ఫెయిలైన దారిలో సెమాఫోర్ వదలడం మర్చిపోయాను. 8 సార్లు ఎర్రర్ వచ్చింది, తొమ్మిదో రైట్ కదల్లేదు. లాగ్‌లో ఒక్క ముక్క లేదు. రెండు రోజులు టెన్షన్‌తో తప్పంతా డివైస్‌లోనే వెతికాను. స్కెలిటన్‌లో ఎర్రర్ వస్తే దూకే గోటూ లేబుళ్లు ఏ క్రమంలో ఉన్నాయో నిదానంగా చదవండి, తీసుకున్నదాన్ని వెనక నుంచి ఒక్కొక్కటిగా వదులుతూ వస్తాయి.

నచ్చనిదీ ఉంది. ఎర్రర్ దాచేది ఒక్క ఫీల్డ్‌లోనే. మూడు రైట్లు వరసగా పోతే చివరిదే మిగులుతుంది, ఏ రైట్ పోయిందో తెలియదు. పైగా ఈపైప్ (డివైస్ స్టాల్ అయి డేటా తీసుకోనప్పుడు వచ్చే ఎర్రర్) తప్ప మిగతావన్నీ ఈఐఓ (మామూలు ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్) అయిపోతాయి. నమూనాకి ఇది చాలు. ప్రింటర్ లాంటివాటికి డ్రైవర్ రాస్తుంటే మాత్రం ఒక్కో యూఆర్‌బీ స్టేటస్‌నీ విడిగా గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి, కాల్‌బ్యాక్‌లో స్లీప్ అవ్వకూడదు, అంటే దేనికోసమూ ఆగి ఎదురుచూడకూడదు. ఎండ్‌పాయింట్ (డివైస్‌లో డేటా వెళ్లే చివర) స్టాల్ అయిందని అక్కడే క్లియర్ హాల్ట్ (ఆ స్టాల్‌ని తీసేసే ఫంక్షన్) పిలవకండి, వర్క్‌క్యూకి (తర్వాత నడిపే పనుల వరసకి) అప్పగించండి.

మీ డ్రైవర్‌ని పరీక్షించాలంటే కెర్నెల్‌లో ఫెయిల్‌స్లాబ్ అనే ఫాల్ట్ ఇంజెక్షన్ ఉంది. దాన్ని ఆన్ చేసి మెమరీ అలొకేషన్లు ఫెయిల్ చేయిస్తూ రైట్లు పంపండి. లిమిట్ 8 అయితే, కనీసం 9 సార్లు ఫెయిలయ్యేదాకా ఆపకండి.