ఎక్కే ముందు రోజు

అందరికీ నమస్కారం. కమీనో నడక గురించి చెప్పమని నన్ను పిలిచారు. 780 కిలోమీటర్ల కథంతా వినొచ్చని వచ్చినవాళ్ళు నన్ను క్షమించాలి, నేను నడక మొదలవడానికి ముందు రోజు గురించే మాట్లాడబోతున్నాను. తర్వాతి నెల రోజుల గురించి వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. ఈ ఒక్క రోజునే మనవాళ్ళు ప్లానులోంచి ముందుగా కొట్టేస్తారు, సెలవులు చాలవని.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న సాంటియాగోలో ఏసు శిష్యుడు యాకోబు సమాధి ఉందని క్రైస్తవుల నమ్మకం. వెయ్యేళ్ళకు పైగా జనం అక్కడికి నడిచి వెళ్తున్నారు. ఆ యాత్రే కమీనో. భక్తితో వెళ్ళేవాళ్ళూ ఉన్నారు, ఊరికే నడుద్దామని వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. అన్ని దారులూ కలిపి 2024లో యాత్ర పూర్తిచేసిన పత్రం అందుకున్నవాళ్ళు దాదాపు 5 లక్షల మంది. దారుల్లో బాగా పేరున్నది ఫ్రెంచి దారి. అది సరిహద్దుకు ఇవతల, ఫ్రాన్సులోని సెయింట్ జాన్ పియే ద పోర్ అనే చిన్న ఊళ్ళో మొదలవుతుంది.

అసలు సమస్య ఇక్కడే ఉంది. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 170 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొదటి రోజే 1,400 మీటర్లు దాటిన కనుమ ఎక్కి, అవతల స్పెయిన్‌లో రాన్సెస్‌వాయెస్ మఠం దగ్గర దిగాలి. మొత్తం 25 కిలోమీటర్ల దాకా ఉంటుంది. యాత్ర అంతటిలోనూ బాగా కష్టమైన రోజుల్లో ఇదొకటి, అదీ కాళ్ళకు ఇంకా అలవాటు పడకముందే వస్తుంది. "అలిపిరి ఎక్కాం కదండీ" అంటారు కొందరు. అలిపిరి దారిలో నెత్తి మీద కప్పుంటుంది, అడుగడుగునా తినడానికీ తాగడానికీ దొరుకుతుంది, సామాను కౌంటర్లో ఇస్తే దేవస్థానం వాళ్ళే పైకి చేరుస్తారు. ఇక్కడ ఎనిమిది కిలోల సంచి మీ వీపు మీదే. డబ్బిస్తే మోసుకెళ్ళే వ్యాన్లున్నాయి, కానీ వాన, పొగమంచు, గాలి మాత్రం మీవే. హైదరాబాద్‌కూ పారిస్‌కూ వేసవిలో మూడున్నర గంటల తేడా. నిద్ర చెడిన ఒంటితో విమానం దిగి, మర్నాడే కొండ ఎక్కడం సాహసం కాదు, తొందరపాటు.

అందుకే పారిస్‌లో మోంపర్నాస్ స్టేషన్ నుంచి రైలు పట్టుకుని నాలుగు గంటల్లో బయోన్ చేరండి. ఆ రాత్రి అక్కడే పడుకోండి. మర్నాడు అలారం పెట్టుకోవద్దు.

బయోన్ రెండు నదులు కలిసే ఊరు. అదూర్ పెద్దది, నీవ్ చిన్నది. ఫ్రాన్సులో చాక్లెట్ తయారీ ముందుగా వేళ్ళూనుకున్న చోట్లలో ఇదొకటి. స్పెయిన్, పోర్చుగల్‌లలో మతం పేరుతో వేధిస్తే పారిపోయి వచ్చిన యూదులు ఆ విద్యను ఇక్కడికి తెచ్చారు. వాళ్ళను నది అవతల, ఇప్పుడు రైల్వే స్టేషనున్న సెంతెస్ప్రి పేటలో ఉండమన్నారు. వాళ్ళ దగ్గర పని నేర్చుకున్న ఊరివాళ్ళే తర్వాత సంఘం కట్టి, వాళ్ళను ఆ వ్యాపారంలోంచి తప్పించాలని చూశారు. కప్పు చిక్కటి చాక్లెట్ తాగుతూ ఈ సంగతి కూడా గుర్తుంచుకుంటే మంచిది. తర్వాత జంట శిఖరాల పెద్ద చర్చి చూడండి. యాత్రా మార్గాల్లో భాగంగా 1998లో యునెస్కో గుర్తించిన కట్టడాల్లో అదీ ఉంది.

అక్కణ్ణుంచి సెయింట్ జాన్‌కు చిన్న రైలు, గంట ప్రయాణం. టాక్సీ ఎక్కకండి, డబ్బు కోసం కాదు. ఈ రైలు నీవ్ నదిని పట్టుకుని నెమ్మదిగా కొండల్లోకి పోతుంది. తెల్లటి గోడలు, ఎర్రటి కిటికీ రెక్కలున్న, ఈ ప్రాంతపు బాస్క్ జాతివాళ్ళ ఇళ్ళు, గొర్రెల మందలు, కంబో అనే వేడినీటి బుగ్గల ఊరు కనిపిస్తాయి. పెట్టెలో సగంమంది వీపుసంచులవాళ్ళే. ఒకరి బూట్లు ఒకరు ఓరకంట చూసుకుంటూ ఉంటారు. మాటలు కలపండి. ఈ ముఖాలే నెల రోజులూ ఎక్కడో ఒకచోట మళ్ళీ ఎదురవుతాయి.

కంబోకు దగ్గర్లోనే ఎస్పెలెట్ ఉంది. శరదృతువులో అక్కడ ఇళ్ళ ముందు గోడలకు ఎర్రటి మిరపకాయల దండలు వేలాడదీసి ఎండబెడతారు. చుట్టుపక్కల పది ఊళ్ళవాళ్ళకు తప్ప ఎవరికీ తమ మిరపకాయలకు ఎస్పెలెట్ పేరు వాడుకునే హక్కు లేదు. గుంటూరువాళ్ళు రుచి చూస్తే నవ్వుతారు, అంత చప్పన. వాసన మాత్రం బాగుంటుంది.

సెయింట్ జాన్‌లో దిగగానే అందరూ ఒకే వైపు నడుస్తారు. కోట వీధిలో యాత్రికుల ఆఫీసు ఉంది. స్వచ్ఛందంగా పనిచేసే పెద్దవాళ్ళు దారి పొడుగునా ముద్రలు వేయించుకునే మీ యాత్రికుల పుస్తకంలో మొదటి ముద్ర వేసి, దారిలోని ఎత్తుపల్లాలు, బసల వివరాలున్న కాగితాలిస్తారు. వాతావరణం ఎలా ఉందని వాళ్ళనే అడగండి, ఫోన్‌ను కాదు. కొండ మీది దారి నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు మూసేస్తారు. ఆ రోజుల్లో లోయలోంచి వాల్కార్లోస్ మీదుగా వెళ్ళాలి. మిగతా రోజుల్లో కూడా పొగమంచు కమ్మితే వాళ్ళు లోయ దారే మేలంటారు. వినండి. కొండ దారిలో 8 కిలోమీటర్ల దగ్గర ఒరిసోన్ అనే బస ఉంది. ముందే బుక్ చేసుకుంటే మొదటి రోజును రెండు రోజులు చేసుకోవచ్చు. యాభై దాటినవాళ్ళకు నా సలహా అదే.

ఇందాక ఒక అమ్మగారు అడిగారు, ఆవకాయ తీసుకెళ్ళొచ్చా అని. ఆ ప్రాంతంలో పంది మాంసం లేని పళ్ళెం వెతుక్కోవాలి నిజమే. శాకాహారులకు గొర్రెపాల చీజ్, నల్ల చెర్రీల జామ్, రొట్టె దొరుకుతాయి. గుడ్డు తినేవాళ్ళకు ఆమ్లెట్ ఉండనే ఉంటుంది. గాజు సీసా వద్దమ్మా. చిన్న పొట్లాలుగా కట్టుకోండి, ఒక వారానికి సరిపడా చాలు. అది కూడా ఆ ఎనిమిది కిలోల లెక్కలోకే వస్తుంది.