పది రూపాయల బిళ్ళ, పది లక్షల మాట

శ్రోతలకు నమస్కారం.

మీ దగ్గర రూపాయి బిళ్ళో రెండు రూపాయల బిళ్ళో ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకోండి. సంవత్సరం వేసిన అంకెల కింద చూడండి. చిన్న నక్షత్రం కనబడిందా? అయితే అది మన హైదరాబాద్ టంకశాలలో పుట్టిన బిళ్ళ. వజ్రం ఆకారం ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. కళ్ళజోడు వెతుక్కునేవాళ్ళు వెతుక్కోండి. ఈలోగా నేను మాట్లాడుతూ ఉంటాను.

నాకు నాణేల పిచ్చి చిన్నప్పటినుంచీ ఉంది. పెద్ద సేకరణేం కాదు, రెండు బిస్కెట్ డబ్బాలు. చదువుకునే రోజుల్లో చార్మినార్ దగ్గర ఫుట్‌పాత్ మీద గుడ్డ పరుచుకుని పాత బిళ్ళలు అమ్మే పెద్దాయన ఒకడుండేవాడు. ఆయన ఎంతంటే అంత. ఆయన నాణేన్ని చూసి ధర చెప్పేవాడు కాదు, నా మొహం చూసి చెప్పేవాడు. నేను ఎంత ఆశగా చూస్తే ధర అంత పెరిగేది. నాకు తెలిసిన నాణేల మార్కెట్ అదే.

ఇప్పుడు ఆ ధర ఫోన్లలో తేలుతోంది. ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడని వేలమంది గ్రూపుల్లో చేరి, ఫొటోలు పెట్టుకుని, వాదించుకుని, ఒక బిళ్ళ విలువ ఎంతో తేలుస్తున్నారు. ఇది మంచిదా చెడ్డదా అని నన్నడిగితే సూటిగా చెప్పలేను. ఒక కథ చెబుతాను. నాకు బాగా ఇష్టమైన కథ, ఇంగ్లండ్‌లో జరిగింది.

లండన్‌లో క్యూ గార్డెన్స్ అని పెద్ద వృక్షోద్యానం ఉంది. 2009లో దానికి 250 ఏళ్ళు నిండాయి. ఆ సందర్భంగా అక్కడి టంకశాల, రాయల్ మింట్, ఒక 50 పెన్నీల బిళ్ళ వేసింది, అంటే అర పౌండు. ఏడు పలకల బిళ్ళ. దానిమీద ఆ తోటలో ఉండే చైనా తరహా గోపురం, దాన్ని చుట్టుకుంటూ పైకి పాకిన ఒక తీగ. చూడముచ్చటగా ఉంటుంది. అలాంటివి 2,10,000 వేశారు. రెండు లక్షల పది వేలు. ఈ అంకె కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

వేశాక ఏమైంది? ఏమీ కాలేదు. జనం వాటితో పాలు కొన్నారు, బస్సెక్కారు, చిల్లర కింద ఇచ్చారు, పుచ్చుకున్నారు. ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి. 50 పెన్నీల బిళ్ళ 50 పెన్నీలే చేసింది.

2011లో లండన్ ఒలింపిక్స్ కోసం 29 రకాల 50 పెన్నీల బిళ్ళలు వదిలారు. ఒక్కో ఆటకు ఒక్కో బొమ్మ. ఫుట్‌బాల్ బిళ్ళ మీదైతే ఆఫ్‌సైడ్ రూల్ ఏంటో గీసి చూపించారు! ఇంకేముంది, పిల్లలూ పెద్దలూ చిల్లర డబ్బాలు బోర్లించి వెతకడం మొదలుపెట్టారు. నెట్‌లో గ్రూపులు కట్టారు. నా దగ్గర ఈత రెండున్నాయి, నీ దగ్గర విలువిద్య ఉందా అంటూ మార్చుకున్నారు. ఆల్బమ్‌లు వచ్చాయి. ఆల్బమ్ వచ్చిందంటే గడులు వచ్చినట్టే. గడి ఖాళీగా ఉంటే పోగుచేసేవాడికి నిద్ర పట్టదు, ఆ బాధ నాకు తెలుసు.

సరిగ్గా అప్పుడు, 2014 ఫిబ్రవరిలో, రాయల్ మింట్ ఒక మాట బయటపెట్టింది. చలామణిలో ఉన్న 50 పెన్నీల బిళ్ళలన్నిట్లోకీ తక్కువ వేసింది క్యూ గార్డెన్స్‌దే, రెండు లక్షల పది వేలే అని.

అంతే. ఆ అంకె గ్రూపు నుంచి గ్రూపుకు పాకింది. 50 పెన్నీల బిళ్ళ పదుల పౌండ్లకు అమ్ముడైంది. పోనుపోను వంద పౌండ్లు దాటింది.

ఒక్కసారి ఆలోచించండి. నాణెం మారలేదు. లోహం మారలేదు. ఐదేళ్ళ కిందట ఎన్ని వేశారో అవే ఉన్నాయి. మారింది ఒక్కటే: ఆ అంకె అందరికీ ఒకేసారి తెలిసింది. నిజానికి రెండు లక్షలంటే తక్కువేం కాదు. కానీ అది కావాలనుకునేవాళ్ళు అంతకన్నా ఎక్కువమంది తయారైతే, అప్పుడది తక్కువే.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. నకిలీలు వచ్చాయి. నకిలీని ఎలా గుర్తుపట్టాలో ఆ గ్రూపులవాళ్ళే ఒకరికొకరు నేర్పుకున్నారు. 50 పెన్నీల బిళ్ళకు 50 ఏళ్ళు నిండాయని 2019లో రాయల్ మింట్ అదే క్యూ బొమ్మతో మళ్ళీ వేసి, సెట్ల కింద అమ్మింది. గోపురం వైపు చూస్తే తేడా తెలియదు. రాణి బొమ్మ వైపు తిప్పి చూడాలి, 2019 అని ఉందేమో అని. ఇక 2024 అక్టోబరులో ఇంకో కబురు. చార్లెస్ రాజు బొమ్మతో వచ్చిన సాల్మన్ చేప బిళ్ళ 2,00,000 మాత్రమే వేశామన్నారు. పదేళ్ళు మొదటి స్థానంలో కూర్చున్న క్యూ బిళ్ళ పది వేల తేడాతో రెండోదైపోయింది.

గ్రూపులు ధర పెంచుతాయి సరే, దించుతాయి కూడా. 2007లో అమెరికాలో జార్జి వాషింగ్టన్ బొమ్మతో ఒక డాలరు నాణెం వచ్చింది. దాని అంచు మీద చెక్కాల్సిన అక్షరాలు, ‘దేవుణ్ణి నమ్ముతున్నాం’ అన్న మాటతో సహా, కొన్నిటిమీద పడలేదు. మొదట దొరికినవాటిలో ఒకటి నెట్‌లో 600 డాలర్లకు పోయింది. ఆ కబురు విని దేశమంతా వెతికింది. వెతికితే వేలకు వేలు బయటపడ్డాయి. కొద్ది వారాల్లోనే 40, 60 డాలర్లకు దిగింది. 600 పెట్టి కొన్న మహానుభావుడి గురించి నేను అప్పుడప్పుడు జాలిపడుతుంటాను.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఏ ఏడాది ఏ టంకశాలలో ఏ బిళ్ళ ఎన్ని వేశారో మన దగ్గర మామూలు మనిషికి అంత సులువుగా దొరకదు. ఓపిక ఉన్న కుర్రాళ్ళు గ్రూపుల్లో ఫొటోలు పోగేసి, ఈ ఏడాది నక్షత్రం గుర్తుతో దొరికింది, చుక్కతో దొరకలేదు అని జాబితాలు రాసుకుంటున్నారు. నా డబ్బాలో ఒకేరకం అనుకున్న రెండు బిళ్ళలు ఒకటి కావని నాకు చెప్పింది అలాంటి కుర్రాడే. వాళ్ళంటే నాకు గౌరవం. కానీ అదే ఫోన్‌లో, అంకె తెలియని చోటల్లా, ఇంకోరకం మాటలు వచ్చి కూర్చుంటున్నాయి.

మాతా వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్ళ మీరూ చూసే ఉంటారు. ఆలయ బోర్డుకు పాతికేళ్ళు నిండాయని 2012లో వేశారు. 5 రూపాయలది ఉంది, 10 రూపాయలది ఉంది. మామూలుగా చిల్లరలో తిరిగినవే. వాటికి లక్షలిస్తారని వీడియోలు. మా కింది వాటాలో ఉండే ఆయన ఒకరోజు పరుగున మెట్లెక్కి వచ్చారు. “మాస్టారూ, పది లక్షలటండీ! ముందుగా రిజిస్ట్రేషన్‌కి పదిహేను వందలు పంపమంటున్నారు.” అప్పటికే ఆ బిళ్ళను చింతపండు పెట్టి తళతళలాడేలా తోమేశారు. తోమిన నాణేన్ని సేకరించేవాళ్ళు ముట్టుకోరని నేను చెప్పలేదు, ఎందుకులే అని.

పాతదైతే ఖరీదు అనుకోవడం కూడా అలాంటిదే. మా నాయనమ్మ డబ్బాలో చిల్లుకాణీలు గుప్పెడుండేవి. 1943 నుంచి 47 దాకా వేసినవి. యుద్ధకాలంలో లోహం ఆదా అవుతుందని నడిమధ్యన చిల్లు పెట్టారు. ఆవిడ వాటిలో రెంటిని తలుపు మేకులకు వాషర్లుగా కొట్టించింది. నేను లెక్క చూశాను. కోట్లకొద్దీ వేసిన బిళ్ళలు. ఇప్పటికీ వాషరుగానే వాటికి గౌరవం ఎక్కువ.

అందుకని మీకు ఒక్క పని చెబుతాను, ఒక్కటే. ధర చూసేటప్పుడు, అడుగుతున్న ధర చూడకండి, అమ్ముడైన ధర చూడండి. నా బిళ్ళకు పది లక్షలని ఎవడైనా నెట్‌లో పెట్టుకోవచ్చు. రాసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఆ ధరకు కొన్నవాడు ఉన్నాడా? నెట్‌లో కొని అమ్ముకునే ఈబే లాంటి చోట్ల అమ్ముడైనవి మాత్రమే చూపించమని అడిగే వీలుంది. నాణేల వేలం సంస్థలు ఏది ఎంతకు పోయిందో తమ సైట్లలో పెడతాయి. అక్కడ చూడండి. అడిగిన ధర కాదు, అమ్ముడైన ధర. కొంటానన్నవాడు ముందు మీరే డబ్బు పంపాలన్నాడంటే ఇక చూడాల్సిన అవసరమే లేదు, ఫోన్ పెట్టేయండి. పాత నాణేల పేరుతో, తమ పేరూ ముద్రా వాడుకుని కొందరు కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే హెచ్చరించింది.

కింది వాటా ఆయనకు ఇదంతా ఓపికగా చెప్పాను. పదిహేను వందలు మిగిలాయి. ఆ సంతోషంలో టీ ఇప్పిస్తానన్నారు. వీధి చివర కొట్టు దగ్గర టీ తాగాక, నవ్వుతూ ఆ వైష్ణోదేవి పది రూపాయల బిళ్ళనే తీసి ఇచ్చారు. కొట్టతను దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసి వెనక్కిచ్చాడు.

“పది రూపాయల బిళ్ళ నడుస్తలేదు సార్, నోటియ్యుండ్రి.”

నేను ఊరుకుంటానా. పది రూపాయల బిళ్ళ పద్నాలుగు రకాలుగా వచ్చింది, అన్నీ చెల్లుతాయని 2018 జనవరిలోనే రిజర్వ్ బ్యాంకు చెప్పింది నాయనా అన్నాను. ఒక గ్రూపులో పది లక్షలు పలికిన బిళ్ళను, పదికి కూడా చెల్లదంటే ఎలా అన్నాను.

“ఏమో సార్, వాట్సాప్‌ల వచ్చింది” అన్నాడు.

నేనే జేబులోంచి నోటు తీసిచ్చాను. నమస్కారం.