ఏటి మీది వంతెన, సముద్రంలో గీత

శ్రోతలకు నమస్కారం.

ఐర్లండ్ దీవిలో పెట్టిగో అని ఓ చిన్న ఊరుంది. ఊరి నడుమ టెర్మన్ అనే ఏరు పారుతుంది. ఇవతలి గట్టు ఐర్లండ్ రిపబ్లిక్‌ది, అవతలి గట్టు బ్రిటన్ పాలనలో ఉన్న ఉత్తర ఐర్లండ్‌ది. వంతెన దాటితే దేశం మారిపోతుంది. ఆ సరిహద్దు పొడవునా దేశం మారిందని చెప్పేది వేగపరిమితి బోర్డే. ఇటు కిలోమీటర్ల లెక్క, అటు మైళ్ల లెక్క. గేటు లేదు, కాగితాలు అడిగే మనిషి లేడు.

ఈ ప్రశాంతత ఊరికే రాలేదు. 1923లో అక్కడ కస్టమ్స్ చౌకీలు వెలిశాయి. తర్వాత ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లోనే ఉండాలా, ఐర్లండ్‌లో కలవాలా అన్న గొడవలో ఏళ్ల తరబడి అల్లర్లు సాగాయి. ఆ కాలంలో బాంబులు వాటినీ వదల్లేదు. 1972 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్‌లో సరిహద్దు దగ్గరి న్యూరీ పట్టణంలోని కస్టమ్స్ కార్యాలయంలో బాంబు పేలి 9 మంది చనిపోయారు. బాంబు తెచ్చిన ముగ్గురు పోగా, మిగిలిన ఆరుగురూ కస్టమ్స్ ఉద్యోగులు, లారీ డ్రైవర్లు. పొద్దున్నే పనికని ఇంట్లోంచి బయల్దేరిన మామూలు మనుషులు. 1993లో ఐరోపా ఉమ్మడి మార్కెట్ వచ్చాక ఆ చౌకీలు ఎత్తేశారు. 1998లో గుడ్ ఫ్రైడే ఒప్పందం అనే శాంతి ఒప్పందం కుదిరింది. అప్పటికి 30 ఏళ్ల హింసలో 3,500 మందికి పైగా ప్రాణాలు పోయాయి.

2016 జూన్ 23న ఐరోపా సమాఖ్య నుంచి బయటికి రావాలని బ్రిటన్‌లో 51.9 శాతం ఓటేశారు. ఉత్తర ఐర్లండ్‌లో మాత్రం 55.8 శాతం ఉండిపోదామన్నారు. ఓటింగుకు ముందే మాజీ ప్రధానులు జాన్ మేజర్, టోనీ బ్లెయిర్ కలిసి ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ నగరానికి వెళ్లి, సరిహద్దు సంగతి చూసుకోండని హెచ్చరించారు. ఆ మాట లండన్‌లో పెద్దగా ఎవరి చెవికీ ఎక్కలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఇదే.

అసలు చిక్కేమిటి? జీఎస్టీకి ముందు మన రాష్ట్రాల సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర లారీలు బారులు తీరడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2017 జులైలో పన్ను ఒకటయ్యాక ఆ పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. బ్రిటన్‌ది దీనికి తిరగబడ్డ కథ. ఐర్లండ్ రిపబ్లిక్ ఐరోపా సమాఖ్యలోనే ఉండిపోయింది, బ్రిటన్ బయటికి వచ్చేసింది. సుంకాలు, సరుకు నాణ్యత నిబంధనలు వేరుపడ్డాయంటే ఎక్కడో ఒకచోట సరుకు ఆపి చూడక తప్పదు. అక్కడేమో ఉత్తరాన పితికిన పాలలో దాదాపు మూడోవంతు ట్యాంకర్లలో దక్షిణాది డెయిరీలకు వెళ్తుంది. పాల ట్యాంకరును గంటల తరబడి ఎలా నిలబెడతారు?

ప్రధాని థెరిసా మే మూడు మాటలిచ్చారు. ఐరోపా దేశాలన్నీ ఒకే సుంకాలు పాటించే కస్టమ్స్ కూటమి వదిలేస్తాం, దీవిలో గేట్లు పెట్టం, ఉత్తర ఐర్లండ్‌ను మిగతా బ్రిటన్ నుంచి వేరు చెయ్యం. ఈ మూడూ ఒక ఒరలో ఇమిడేవి కావు. వేరే దారి దొరికేదాకా దేశమంతా ఐరోపాతో ఒకే సుంకాల కిందే ఉండేలా ఆమె ఒప్పందం తెచ్చారు. 2019 జనవరి 15న పార్లమెంటు దాన్ని 432-202 ఓట్లతో తిప్పికొట్టింది. మార్చిలో మరో రెండుసార్లు ఓడించింది. నా దృష్టిలో ఆమె ఒప్పందం అందమైనది కాకపోయినా, సరిహద్దు ఊళ్లను మనసులో పెట్టుకుని రాసినదే.

తర్వాత వచ్చిన బోరిస్ జాన్సన్ ఆ అక్టోబరులో ఐర్లండ్ ప్రధాని లియో వరాద్కర్‌తో మాట్లాడి గీతను సముద్రంలోకి జరిపారు, అంటే తనిఖీలు దీవి మధ్యలో కాక, బ్రిటన్‌కూ ఉత్తర ఐర్లండ్‌కూ నడుమ పెట్టారు. స్కాట్లండ్ నుంచి ఓడలో లార్న్ రేవుకు వచ్చే సరుకుకు కస్టమ్స్ పత్రాలు తప్పనిసరయ్యాయి. "మా దేశం సరుకు మా దేశంలోకి రావడానికి కాగితాలా?" అని బ్రిటన్‌తోనే ఉండాలనుకునే యూనియనిస్టులు మండిపడ్డారు. వాళ్ల బాధా బాధే. వాళ్లలో పెద్ద పార్టీ డీయూపీ 2022 ఫిబ్రవరిలో, ఇరుపక్షాలూ కలిసి నడపాల్సిన ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వం నుంచి తప్పుకోవడంతో రెండేళ్లపాటు అక్కడ మంత్రివర్గమే లేకుండా పోయింది. ఈ మధ్యలో, 2023లో అప్పటి ప్రధాని రిషి సునాక్ విండ్సర్ ఒప్పందం తెచ్చారు. ఉత్తర ఐర్లండ్‌లోనే అమ్ముడయ్యే సరుకుకు తక్కువ కాగితాల ఆకుపచ్చ వరుస, ఐరోపాలోకి వెళ్లేదానికి పూర్తి తనిఖీల ఎర్ర వరుస.

2024 డిసెంబరులో ఈ ఏర్పాటు కొనసాగాలా వద్దా అని బెల్‌ఫాస్ట్‌లోని అసెంబ్లీ ఓటేసింది. 48 మంది అవునన్నారు, 36 మంది కాదన్నారు. యూనియనిస్టులు ఒక్కరూ ఒప్పుకోలేదు గనుక పొడిగింపు 8 ఏళ్లకు కాక 4 ఏళ్లకే దక్కింది. 2028లో మళ్లీ ఇదే ప్రశ్న ఆ సభ ముందుకు వస్తుంది. పెట్టిగో వంతెన మీద మాత్రం ఈ రోజుకీ గేటు లేదు.