సంగటి ముద్దలో వాటి వాటా

[చంద్రగిరి దగ్గర పల్లె. పొయ్యి మీద సట్టి. అవ్వ సంగటి కెలుకుతోంది.]

నమస్తే అండీ. వెనకాల ఉన్నది మా అవ్వ. కెమెరా వైపు చూడనని ముందే చెప్పేసింది.

పోయిన నెల తిరుపతిలో నాకు జలుబు చేసింది. డాక్టర్ దగ్గరికి పోకుండా మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చి మింగాను. జలుబు ఎప్పుడు తగ్గాలో అప్పుడే తగ్గింది. కడుపు మాత్రం వారం రోజులు నన్ను ఇల్లు కదలనివ్వలేదు.

జలుబు తెచ్చేది వైరస్. యాంటీబయాటిక్ చంపేది బ్యాక్టీరియాని. అంటే ఆ మాత్రకి నా ముక్కులో పనే లేదు. పేగుల్లోకి దిగి, అక్కడ తమ పాటికి తాము బతుకుతున్న బ్యాక్టీరియా మీద పడింది.

[స్క్రీన్ మీద: 38 లక్షల కోట్లు]

మన ఒంట్లో బ్యాక్టీరియా సుమారు ఇన్ని ఉంటాయని 2016లో లెక్క వేశారు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువని, రెండు కిలోలు తూగుతాయని ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది పాత మాట. అన్నీ కలిపినా 200 గ్రాములు. ఎక్కువ భాగం పెద్దపేగులోనే కాపురం.

[క్లోజప్: అవ్వ చెయ్యి తడుపుకుని, పొగలు కక్కే ముద్దని అరచేతిలో దొర్లిస్తోంది. పక్కన రోటిలో నూరిన ఊరిబిండి, పులగూర.]

ఇప్పుడు ఈ ముద్ద సంగతి. ఇందులోని పిండిపదార్థం చాలావరకు చిన్నపేగులోనే అరిగిపోతుంది. రాగుల్లో ఉండే పీచు అలా కాదు. దాన్ని అరిగించే ఎంజైములు మనకు లేవు. నేరుగా పెద్దపేగుకి చేరుతుంది. అక్కడ బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరలో ఉన్న కణాలకి ముఖ్యమైన ఇంధనం ఈ బ్యుటిరేటే. మనం వాటికి తిండి పెడితే, అవి మన పేగుకి పెడతాయన్నమాట. ఇది కాక కె విటమిన్, కొన్ని బి విటమిన్లు కూడా తయారుచేస్తాయి.

పీచు పెట్టకపోతే? ఎలుకల మీద ప్రయోగం చేసి చూశారు. ఆకలేసిన బ్యాక్టీరియా పేగు గోడకి కాపలాగా ఉండే జిగురు పొరనే తినడం మొదలుపెట్టాయి.

[దృశ్యం: మూత పెట్టిన సద్దన్నం కుండ]

సద్దన్నం అవ్వకి ప్రాణం. అన్నం చల్లారినప్పుడు అందులోని పిండిలో కొంత గట్టిపడి, అరగకుండా కింది దాకా పోతుంది. అదీ వాటికి తిండే. నీళ్లు పోసి రాత్రంతా ఉంచితే పులుపెక్కించేది లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా. అలాగని సద్దన్నం తింటే షుగర్ పోతుంది, బీపీ పోతుంది అనే వీడియోలు నమ్మకండి. పులిసిన తిండితో, పెరుగుతో లోపలికి పోయే బ్యాక్టీరియాలో చాలావరకు చుట్టపుచూపుగా వచ్చి పోయేవే. మంచి బ్యాక్టీరియా అని అమ్మే ఖరీదైన ప్రోబయోటిక్ సీసాలదీ దాదాపు అదే కథ.

[క్లోజప్: మాత్రల షీటు. వెనక నిలువుగా ఎర్ర గీత.]

ఇంట్లో మాత్రల డబ్బా తీసి చూడండి. ఈ ఎర్ర గీత ఉంటే డాక్టర్ చీటీ లేకుండా వేసుకోకూడదని అర్థం. డాక్టర్ రాసిస్తే మాత్రం చెప్పినన్ని రోజులూ వాడాలి. నా షీటుకీ గీత ఉంది. కడుపు చెడ్డాక చూసుకున్నా.

[వెనక నుంచి అవ్వ గొంతు]

"మాట్లాడింది చాలు రా నాయనా, ముద్ద ఆరిపోతా ఉండాది."