నోరున్న పెద్దావిడ

సభకు నమస్కారం.

మన సంతాప సభల్లో పోయినవాళ్లందరూ సౌమ్యులూ, మృదుభాషులూ అయిపోతారు. ఈ పెద్దావిడ గురించి నేను ఆ మాట అంటే వినేవాళ్లు నవ్విపోతారు. ఆవిడ నోరున్న మనిషి. ఎనభైకి దగ్గర పడ్డా ఎవరి చేతా ఒక మాట పడేవారు కాదు. కుటుంబం కోరిక మీద పేరు చెప్పడం లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో, నయాగరా జలపాతానికి దగ్గర్లో లూయిస్టన్ పక్కన ఉన్న టస్కరోరా రిజర్వేషన్, అంటే టస్కరోరా అనే అమెరికా ఆదివాసీ జాతి వాళ్ల సొంత నేల, ఆవిడ ఊరు. పుట్టడం, పెరగడం, పోవడం అన్నీ అక్కడే.

మన ఇళ్లకు ఇండియా నుంచి చుట్టాలొస్తే నయాగరా చూపించడం ఆనవాయితీ కదా. కారు లూయిస్టన్ వైపు పోనిస్తే పవర్ ప్లాంటు వెనకాల ఎత్తైన కట్ట ఒకటి కనిపిస్తుంది. అవతల రిజర్వాయరు. ఆ నీళ్ల కింద ఉన్నది టస్కరోరా వాళ్ల భూమి. సుమారు 550 ఎకరాలు. ప్లాంటు కట్టిన అధికారులు మొదట అడిగింది ఏకంగా 1,383 ఎకరాలు.

1958 ఏప్రిల్‌లో సర్వే చేసేవాళ్లు పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆడవాళ్లు ట్రక్కులకు అడ్డంగా నేల మీద పడుకున్నారు. అప్పటికి మన పెద్దావిడ బడికెళ్లే పిల్ల. పెద్దలు ఇంట్లోంచి కదలొద్దన్నా వినకుండా గోడ చాటు నుంచి అంతా చూశారట. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1960 మార్చిలో ఓడిపోయింది. ఓడిపోయిన కారణం వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. వీళ్ల పూర్వులు నార్త్ కరోలినాలో యుద్ధంలో చితికిపోయి ఉత్తరానికి వచ్చినవాళ్లు. 1713లో వాళ్ల కోట పడిపోయింది. చాలామంది చనిపోయారు, పట్టుబడినవాళ్లని బానిసలుగా అమ్మేశారు. ఇక్కడికి చేరాక ఆదివాసీ జాతుల కూటమి అయిన ఇరోక్వా సమాఖ్యలో ఆరో జాతిగా కలిశారు. 1804లో సొంత డబ్బుతో 4,329 ఎకరాలు కొనుక్కున్నారు. కోర్టు ఏమందంటే, మీరు కొనుక్కున్న భూమి కాబట్టి చట్టం చెప్పే రిజర్వేషన్ కిందికి రాదు, ఆ రక్షణా దీనికి లేదు అంది. తీర్పుతో విభేదించిన జస్టిస్ హ్యూగో బ్లాక్, గొప్ప మనుషుల్లాగే గొప్ప దేశాలు కూడా ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని రాశారు. "బాగానే రాశాడు, భూమి మాత్రం రాలేదుగా" అనేవారు పెద్దావిడ.

ఆవిడ చేసిన సేవను ఈ కథ నుంచి విడదీసి చూడలేను. జాలిపడి చేసిన సేవ కాదది. మనవాళ్ల సంగతి మనం చూసుకోకపోతే ఇంకెవరో వచ్చి చూసుకుంటారు, ఆ చూసుకోవడం ఎలా ఉంటుందో చిన్నప్పుడే చూశాం అనే పట్టుదల.

నాకు పరిచయమైంది ఫుడ్ ప్యాంట్రీలో. సరుకుల కోసం వచ్చినవాళ్లనీ, పంచడానికి వచ్చిన నాలాంటివాళ్లనీ ఒకే బల్ల దగ్గర నిలబెట్టి ఉల్లిపాయలు ఏరించేవారు. మొదటి రోజే నా ఇంటిపేరు అడిగారు. అది మా నాన్న వైపుదని చెప్పాను. "మరి మీ అమ్మ వైపు ఏమైంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. వాళ్లలో వంశం తల్లి నుంచి వస్తుంది. నాయకుణ్ణి ఎంచుకునేదీ, దారి తప్పితే దించేసేదీ వంశంలోని పెద్దావిడలే. అలాంటి ఇళ్లలో పెరిగిన మనిషి కమిటీ మీటింగుల్లో నోరు మూసుకుని కూర్చోమంటే కూర్చుంటారా?

ఏటా జులైలో రిజర్వేషన్‌లో జరిగే పిక్నిక్‌కి మొక్కజొన్న సూప్ బాధ్యత ఆవిడదే. ఎండిన తెల్ల మొక్కజొన్న గింజల్ని జల్లెడ పట్టిన కట్టెల బూడిద వేసి ఉడకబెడతారు. పొట్టు ఊడి వస్తుంది. ఆ గింజల్ని బుట్టలో పోసి చల్లటి నీళ్లలో రుద్ది రుద్ది కడగాలి. ఒక్క నీటితో అయ్యే పని కాదు. నీళ్లు తేటగా వచ్చేదాకా బుట్ట పక్కన పెట్టనిచ్చేవారు కాదు. మన ఇళ్లలో పప్పు కడిగినట్టు రెండు నీళ్లు పోసి వదిలేయబోతే నా చెయ్యి పట్టుకుని మళ్లీ ముంచారు. ఆ తర్వాతే చిక్కుడు గింజలు, ఉప్పు పట్టించిన పంది మాంసం పొయ్యి ఎక్కేవి. నేను మాంసం తిననని తెలిశాక విసుక్కుంటూనే నాకోసం ఒక చిన్న గిన్నెడు విడిగా తీసి పెట్టేవారు.

చలికాలంలో పిల్లలకు పూసల పని నేర్పేవారు. కుట్టాల్సిన జాగాకి పట్టేదానికంటే ఎక్కువ పూసలు దారానికి ఎక్కిస్తే అవి వంపు తిరిగి గుడ్డ మీద ఉబ్బెత్తుగా లేస్తాయి. పిట్టలూ, స్ట్రాబెర్రీలూ అలాగే వస్తాయి. పందొమ్మిదో శతాబ్దంలో జలపాతం చూడటానికి వచ్చిన జనానికి టస్కరోరా ఆడవాళ్లు ఇలాంటి గుండుసూది దిండ్లు అమ్మి ఇళ్లు నడిపారు. పిల్లలు వంకరగా కుట్టినవి ఆవిడ నిర్దాక్షిణ్యంగా విప్పేసేవారు. నాకు అది కాస్త ఎక్కువే అనిపించేది, ఇప్పటికీ అనిపిస్తుంది.

జులైలోనే సరిహద్దు దాటే ఊరేగింపు కూడా ఉంటుంది. అమెరికా, బ్రిటన్ చేసుకున్న 1794 నాటి జే ఒప్పందం ప్రకారం ఇటు అమెరికాకీ అటు కెనడాకీ స్వేచ్ఛగా రాకపోకలు సాగించడం తమ హక్కని చాటడానికి టస్కరోరా నాయకుడు క్లింటన్ రికార్డ్ 1926లో ఒక సంఘం పెట్టారు. 1928 నుంచి ఆ నడక సాగుతోంది. మనకేమో కెనడాకి దాటే ఆ బ్రిడ్జి పేరెత్తితేనే టెన్షన్. వీసా స్టాంపు ఉందా, తిరిగి రానిస్తారా అని. మోకాళ్లు నొప్పులున్నా ఆవిడ మానేవారు కాదు. నా వీసా తిప్పలు చెబితే, "నీకు కాగితం ఇచ్చేవాళ్లకి ఇక్కడ కాగితం ఎవరిచ్చారు?" అని పెద్దగా నవ్వేవారు.

ఈ జులై పిక్నిక్‌కి గింజలు కడగడానికి మనుషులు కావాలని కబురు వచ్చింది. మన సంఘం నుంచి రాగలిగినవాళ్లు సభ అయ్యాక నాకు పేర్లు ఇవ్వండి. పాత బట్టలు వేసుకుని రండి, బూడిద మరక అంత తేలిగ్గా పోదు. ఫోటోల కోసం మాత్రమే వచ్చేవాళ్ల చేతికి పెద్దావిడ చీపురు ఇచ్చేవారు. ఆ పని ఇప్పుడు మనవరాలు చూస్తోంది.