జర్మనీ చదువుకు వీసా: ఫైలు మొదటిసారే గట్టిగా ఉండాలి

శ్రోతలందరికీ నమస్కారం.

జర్మనీలో ఎంఎస్‌కి వెళ్లాలనుకునే పిల్లలు చాలామంది, సీటు వచ్చాక వీసా సంగతి చూద్దాంలే అనుకుంటారు. అక్కడి శీతాకాలపు సెమిస్టర్ అక్టోబర్ 1న మొదలవుతుంది. చాలా యూనివర్సిటీల్లో దరఖాస్తు గడువు జూలై 15. అడ్మిషన్ లెటర్ చేతికొచ్చేసరికి ఆగస్టు దాటినా దాటొచ్చు. అందుకే సీటుతో పని లేని కాగితాలన్నీ ముందే సిద్ధం చేసుకోవాలి.

వాటిలో మొదటిది ఏపీఎస్ సర్టిఫికెట్. మన మెమోలు, డిగ్రీ అసలైనవేనని ఢిల్లీలోని ఏపీఎస్ కార్యాలయం పరిశీలించి ఇస్తుంది. 2022 నవంబర్ నుంచి ఇది తప్పనిసరి. ఫీజు 18,000 రూపాయలు. కొన్ని యూనివర్సిటీలు దరఖాస్తుతోనే దీన్ని అడుగుతాయి.

అయితే ఏపీఎస్‌కి పెట్టేముందు పాస్‌పోర్టు తెరిచి మీ పేరు ఒకసారి చూసుకోండి. మనవాళ్లకు చిక్కు వచ్చేది ఇంటిపేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ‘కె. సాయికిరణ్’ అని ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా రాసి, దాన్ని కూడా అసలు పేరుతో కలిపేసి, సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తారు. దిద్దించుకోవాలంటే ఇప్పుడే దిద్దించుకోండి. ఆ తర్వాత బ్యాంకు, ఇన్సూరెన్సు, వీసా ఫారం అన్నిటిలోనూ పాస్‌పోర్టులో ఉన్న పేరే, అక్షరం పొల్లుపోకుండా రాయాలి.

ఇక డబ్బు. బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే అక్కడి ఖర్చులకు ముందే డబ్బు వేసి నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున మీ చేతికొస్తాయి. ఇక్కడి నుంచి పంపేటప్పుడు మధ్య బ్యాంకులు దారిలోనే కొంత కోసుకుంటాయి. పది యూరోలు తగ్గినా, డబ్బు పూర్తిగా జమైందని వీసాకు ఇచ్చే ధ్రువపత్రం ఆగిపోతుంది. ఆ లోటు మళ్లీ పంపి, అది చేరేదాకా ఎదురుచూడాలి. కాబట్టి ఛార్జీలన్నీ పంపేవారే భరించే పద్ధతిలో పంపమని బ్యాంకులో గట్టిగా చెప్పండి. అకౌంట్ తెరిచిన సంస్థ ఫీజు కూడా కలిపి లెక్క వేసుకోండి.

వీసా ఫీజు 75 యూరోలు. తీసుకోవాల్సింది నేషనల్ వీసా, అంటే ఎక్కువకాలం ఉండటానికి ఇచ్చేది. షెంగెన్ టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందామనుకోకండి, కుదరదు. ఈ కోర్సే ఎందుకు, ఇంతవరకు చదివినదానికి దీనికి సంబంధమేమిటి అని ఒక ఉత్తరం రాయాలి. ఏజెంటు ఇచ్చిన నమూనాలో పేరు మార్చి పెడితే, అదే ఉత్తరం ఇంకెన్ని ఫైళ్లలో ఉందో మీకు తెలియదు. దయచేసి మీ మాటల్లో మీరే రాసుకోండి. ఇంజనీరింగ్ తర్వాత రెండేళ్లు ఖాళీ ఉంటే దాచకండి, ఆ రెండేళ్లు ఏం చేశారో రాయండి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. వీసా తిరస్కరిస్తే మళ్లీ పరిశీలించమని ఉచితంగా అడిగే వీలు ఇదివరకు ఉండేది. 2025 జూలై 1 నుంచి దాన్ని తీసేశారు. ఇప్పుడు మిగిలినవి రెండే దారులు: మళ్లీ ఫీజు కట్టి కొత్తగా పెట్టుకోవడం, లేదా బెర్లిన్‌లో కోర్టుకు వెళ్లడం.

వీసా వచ్చాక, అది ఏ తేదీ నుంచి చెల్లుతుందో చూసి టికెట్ కొనండి. ఇన్సూరెన్సు మీరు దిగే రోజు నుంచే మొదలవ్వాలి. అసలు సర్టిఫికెట్లు సూట్‌కేసులో వేయకండి, చేతిసంచిలో పెట్టుకోండి. అక్కడ ఇల్లు దొరికాక చిరునామా నమోదుకు, ఆపైన రెసిడెన్స్ పర్మిట్‌కు మళ్లీ అవే కాగితాలు అడుగుతారు.

నమస్కారం.